ఫోటానిక్సా, వైర్‌లెస్సా: పరిశోధనకు ఏది మేలు?

మాస్టర్స్ చివరి ఏడాదికి వచ్చిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. పీహెచ్‌డీకి కాంతితో పనిచేసే ఫోటానిక్స్ వైపు వెళ్లాలా, రేడియో తరంగాలతో పనిచేసే వైర్‌లెస్ వైపు వెళ్లాలా? నేను రెండు చోట్లా పనిచేశాను. మొదట మూడేళ్లు వైర్‌లెస్‌లో, ఆ తర్వాత ఫైబర్ ల్యాబ్‌లో. అందుకే 'రెండూ మంచివే, నీ ఇష్టం' అని తప్పించుకోను. నా మొగ్గు ఫోటానిక్స్ వైపే. కానీ అది అందరికీ నప్పేది కాదు. ఎవరికి నప్పదో కూడా చెబుతాను.

నిజానికి ఈ రెండూ ఒకే తల్లి పిల్లలు. విద్యుదయస్కాంత తరంగాల నడకను చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాలు రెండింటికీ అవే. 5జీలో విరివిగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, దాదాపు అరచేయి వెడల్పు. ఫైబర్‌లో దూరాలు వెళ్లే కాంతి తరంగం పొడవు 1,550 నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో సుమారు యాభయ్యో వంతు. పని తీరు మారిపోయేది ఈ ఒక్క తేడా వల్లే. రేడియో తరంగాన్ని యాంటెన్నాతో పట్టి అంకెలుగా మార్చేసుకుంటే, మిగతాదంతా లెక్కలతో చేసుకోవచ్చు. ఫైబర్‌లోని కాంతి సెకనుకు 193 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. ఆ ఊగును నేరుగా పట్టుకునే ఎలక్ట్రానిక్స్ లేదు. అద్దాలు, లెన్సులు, స్ఫటికాలు, గాజుపోగులతోనే దాన్ని దారికి తెచ్చుకోవాలి.

ఆ దారికి తెచ్చుకోవడం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడండి. సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే కోర్ వ్యాసం తొమ్మిది మైక్రోమీటర్లు. అందులోకి గాల్లో వస్తున్న లేజర్ కిరణాన్ని ఎక్కించాలి. 1,550 నానోమీటర్ల కాంతి కంటికి కనపడదు కాబట్టి కళ్లన్నీ పవర్ మీటర్ మీదే. మొదట మైనస్ 50 డీబీఎం (కాంతి శక్తికి కొలమానం; అంకె సున్నాకు దగ్గరయ్యే కొద్దీ కాంతి ఎక్కువ), అంటే దాదాపు ఏమీ లేనట్టే. అడ్డం మరను వెంట్రుకవాసి తిప్పితే మైనస్ 41. నిలువు మర తిప్పితే మైనస్ 33. మళ్లీ అడ్డం మర దగ్గరకు వెళ్తే మైనస్ 45కి పడిపోయింది. మొదటిసారి నాకు ఇందులోనే సాయంత్రం గడిచిపోయింది. చివరికి మైనస్ 4 దగ్గర నిలబడింది. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే మైనస్ 11. రాత్రి ఏసీ ఆపేశారు, గది వేడెక్కింది, ఫైబర్‌ను పట్టి ఉంచే స్టేజి లోహం కాస్త సాగింది. అంతే. ఆ 'కాస్త' మీద చిరాకు పడితే ఈ రంగం కష్టం. ఎంత సాగింది, ఎందుకు సాగింది అని ఆసక్తి పుడితే మీరు సరైన చోటికే వచ్చారు.

వైర్‌లెస్‌లో తప్పులు వేరే రకంగా దొరుకుతాయి. ఒకసారి నేను రాత్రంతా సిమ్యులేషన్ నడిపి, తెల్లవారి ఎర్రర్ రేటు గ్రాఫ్ చూసుకుని పొంగిపోయాను. అందరి ఫలితాల కంటే మెరుగ్గా వచ్చింది. కాఫీ తాగి వచ్చి మళ్లీ చూస్తే గుండె జారింది. నా గీత షానన్ హద్దును దాటేసింది. ఒక ఛానల్‌లో తప్పుల్లేకుండా ఎంత సమాచారం పంపొచ్చో 1948లో క్లాడ్ షానన్ లెక్కకట్టిన హద్దు అది, తప్పులు దిద్దే ఏ కోడూ దాన్ని దాటలేదు. కాబట్టి తప్పు నాదే. సిగ్నల్‌లో కలిసే అక్కర్లేని గోల (నాయిస్) శక్తిని రియల్, ఇమాజినరీ భాగాలకు సగం సగం పంచాలి. నేను రెండుసార్లు సగం చేశాను. గ్రాఫ్ సరిగ్గా 3 డెసిబెల్స్ పక్కకు జరిగింది. ఒక్క లైను దిద్దితే మధ్యాహ్నానికి సరైన ఫలితం చేతికొచ్చింది.

వైర్‌లెస్‌కున్న అసలు బలం ఇదే. తప్పు చేసి, దిద్దుకుని, మళ్లీ ప్రయత్నించడానికి ఒక రోజు చాలు. ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడి నుంచైనా పని సాగుతుంది. ఫోటానిక్స్‌లో చిప్ డిజైన్ పంపితే దాన్ని తయారుచేసే ఫౌండ్రీ నుంచి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక అందులో తప్పు దొరికితే మళ్లీ అన్ని నెలలు. వైర్‌లెస్ విద్యార్థి మూడు పేపర్లు రాసే వ్యవధిలో ఫోటానిక్స్ విద్యార్థి ఒకటి రాస్తే గొప్ప. స్కాలర్‌షిప్ గడువు తరుముతుంటే ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ వేగానికి మరో వైపూ ఉంది. వైర్‌లెస్‌లో ఒక ఆలోచన జనం జేబుల్లోకి చేరాలంటే ప్రమాణాల గుమ్మం దాటాలి. మొబైల్ ప్రమాణాలు తయారుచేసే, 1998లో ఏర్పడ్డ 3జీపీపీ సంస్థ సమావేశాల్లో కంపెనీలు తమ తమ పేటెంట్లతో కూర్చుని ఏది ఉండాలో, ఏది పోవాలో తేలుస్తాయి. మీ పద్ధతి మెరుగైనదే కావచ్చు, దాని తరఫున ఆ గదిలో మాట్లాడేవాళ్లు లేకపోతే పేపర్‌గానే మిగిలిపోతుంది. ఎర్దాల్ అరికాన్ కథ నాకెంతో ఇష్టం. తుర్కియేలోని బిల్కెంట్ విశ్వవిద్యాలయంలో ఏళ్లపాటు ఒకే సమస్య పట్టుకుని కూర్చుని, 2009లో పోలార్ కోడ్‌ల పేపర్ ప్రచురించారు. షానన్ హద్దును అందుకుంటాయని గణితపరంగా రుజువైన, ఆచరణకు వీలైన కోడ్‌లవి. చైనా టెలికాం కంపెనీ హువావే వాటిని భుజానికెత్తుకుంది. 2016లో ఫోన్‌కు, టవర్‌కు మధ్య ఆదేశాలు మోసే 5జీ కంట్రోల్ ఛానల్‌కు అవే ఎంపికయ్యాయి. ఇక డేటా ఛానల్‌కు ఎంపికైన ఎల్‌డీపీసీ కోడ్‌లు ఎవరివి? అరికాన్‌కు ఎంఐటీలో గైడ్‌గా ఉన్న రాబర్ట్ గాలగర్‌వి. 1960 నాటి పీహెచ్‌డీ పని అది. అప్పటి కంప్యూటర్లు మోయలేక మూలన పడింది, 1990ల్లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. గురువుగారి కోడ్, శిష్యుడి కోడ్ ఈరోజు ఒకే ఫోన్‌లో పనిచేస్తున్నాయి. ఈ రంగంలో ఇంతకంటే అందమైన సంగతి నాకు తెలియదు.

వైర్‌లెస్‌లోకి ఆలస్యంగా వచ్చినవాళ్లకూ చోటుంది. ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ భారత నౌకాదళంలో సోనార్ మీద ఏళ్ల తరబడి పనిచేసి, ఆ తర్వాతే స్టాన్‌ఫర్డ్ చేరారు. అనేక యాంటెన్నాలతో ఒకే ఫ్రీక్వెన్సీలో అనేక ధారలు పంపే మైమో ఆలోచనకు 1992లో పేటెంట్ దరఖాస్తు చేసేనాటికి ఆయన నలభైల చివర్లో ఉన్నారు. సముద్రంలో ధ్వని వినడం నేర్చుకున్న చెవి గాల్లో రేడియోకు అక్కరకొచ్చింది. 2014లో మార్కొని బహుమతి వచ్చింది. సిగ్నల్ ప్రాసెసింగ్ నేర్చినవాళ్లు సోనార్, రాడార్, మెషీన్ లెర్నింగ్‌లలో దేనికైనా మారిపోగలరు. ఈ వెసులుబాటు ఫోటానిక్స్ చేతిపనికి అంతగా లేదు. నా ఫైబర్ స్టేజిని నేను ఇంటికి తీసుకెళ్లలేను కదా!

మరి నా మొగ్గు కాంతి వైపు ఎందుకు? వాకిళ్లు ఎక్కువ కాబట్టి. వైర్‌లెస్ ఉద్యోగాల ఊపు తరాల మీద ఆధారపడి ఉంటుంది. 3జీ, 4జీ, 5జీ సుమారు పదేళ్లకొకటి వచ్చాయి. తరం మొదట్లో నియామకాలు జోరుగా సాగుతాయి, మధ్యలో చల్లబడతాయి. ఫోటానిక్స్‌కూ దెబ్బలు తగిలాయి. 2001లో టెలికాం బుడగ పగిలినప్పుడు ఫైబర్ రంగంలో ఎందరో రోడ్డున పడ్డారు. కానీ లేజర్ తెలిసినవాళ్లకు టెలికాం ఒక్కటే దిక్కు కాదు. కంటి వైద్యులు రెటీనా పొరలు చూసే ఓసీటీ యంత్రం 1991 నాటి ఆప్టిక్స్ పరిశోధన ఫలం. అధునాతన చిప్‌లు ముద్రించే యంత్రాల్లో కరిగిన తగరపు బిందువులను లేజర్‌తో కొట్టి 13.5 నానోమీటర్ల కాంతి పుట్టిస్తారు. డేటా సెంటర్లలో రాగితీగ మోయలేని బరువును ఇప్పుడు కాంతి మోస్తోంది. ఇన్ని చోట్లా మూలపని ఒక్కటే: కిరణాన్ని అనుకున్న చోటికి, అనుకున్నట్టు చేర్చడం.

ఇంకో కారణం కొంచెం నా మనసుకు సంబంధించింది. ఫోటానిక్స్‌లో ఒక పదార్థం, ఒక పరికరం చేసి చూపిస్తే దాన్ని ఎవరూ ఓటింగ్‌తో తీసిపారేయలేరు. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ ఇంగ్లండ్‌లో కూర్చుని, గాజులో నష్టం కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు తగ్గితే ఫైబర్‌తో సమాచారం పంపొచ్చని రాశారు. అప్పటి గాజులో నష్టం సుమారు వెయ్యి. తప్పు గాజుది కాదు, అందులోని మలినాలదని కావ్ పట్టుబట్టారు. 1970లో అమెరికా గాజు కంపెనీ కార్నింగ్ పరిశోధకులు 17కు తెచ్చి చూపించారు. ఈరోజు మామూలు ఫైబర్‌లో 0.2 మాత్రమే. కావ్‌కు నోబెల్ 2009లో వచ్చింది, నలభై మూడేళ్లకు. అప్పటికే ఆయనను అల్జీమర్స్ కమ్మేసింది, ఉపన్యాసం భార్య గ్వెన్ చదివారు. ఈ ఘట్టం తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. డోనా స్ట్రిక్‌లాండ్ ఇంకో రకం. విద్యార్థినిగా 1985లో అతి చిన్న, అతి బలమైన లేజర్ పల్స్‌లు పుట్టించడం మీద రాసిన తొలి పేపరే, 2018లో నోబెల్ తెచ్చిపెట్టింది. ఫోటానిక్స్‌లో ఫలం ఆలస్యమని చెప్పడానికి ఈ రెండూ చాలు. వచ్చాక మాత్రం దానికి పాతబడటం ఉండదు.

ఫోటానిక్స్ ఎవరికి వద్దు? మంచి పరికరాలున్న ల్యాబ్‌లో సీటు దొరకనివాళ్లకు వద్దు. ఇందులో నాకు సందేహమే లేదు. పాత లేజర్ ఒకటి, దానికి ఆరుగురు విద్యార్థులు ఉన్న చోట చేరడం కంటే మంచి వైర్‌లెస్ గైడ్ దగ్గర చేరడం వెయ్యి రెట్లు మేలు. మూడేళ్లలో ముగించి ఉద్యోగంలో చేరి తీరాల్సినవాళ్లకూ, రుజువు రాయడంలోనే ఆనందం ఉన్నవాళ్లకూ వైర్‌లెస్ సిద్ధాంతమే సరైన చోటు.

రెండింటి మధ్య సరిహద్దు మాటేమిటని కూడా అడుగుతారు. ఫైబర్ మీద రేడియో, కాంతితో గాల్లో సమాచారం పంపే లైఫై, రేడియో సిగ్నళ్లను కాంతితో నడిపించే మైక్రోవేవ్ ఫోటానిక్స్. 1890ల్లో జగదీశ్ చంద్ర బోస్ అయిదు మిల్లీమీటర్ల రేడియో తరంగాలు పుట్టించి, వాటిని పట్టకాలతో, లెన్సులతో పరీక్షించారు. ఆప్టిక్స్ పనిముట్లతోనే రేడియో చేశారన్నమాట. ఆయనకు ఈ సరిహద్దే లేదు. అది గొప్ప చోటే. కానీ పీహెచ్‌డీ అక్కడే మొదలుపెట్టొద్దంటాను. ఇటు లేజర్ చేతికి రాక, అటు ఇన్ఫర్మేషన్ థియరీ బుర్రకెక్కక, రెండు కమిటీల ముందూ తడబడినవాళ్లను చూశాను. ముందు ఒకదాంట్లో పాతుకోండి, పోస్ట్‌డాక్‌లో గోడ దూకండి.

చేరేముందు ఒక పని చేయండి. ఫోటానిక్స్ ల్యాబ్ అయితే గైడ్‌ను కాదు, సీనియర్ విద్యార్థిని పట్టుకుని, లేజర్ చివరిసారి ఎప్పుడు చెడిపోయింది, బాగవడానికి ఎన్నాళ్లు పట్టిందో అడగండి. వైర్‌లెస్ గ్రూప్ అయితే వాళ్ల చివరి పేపర్‌లోని మొదటి గ్రాఫ్‌ను మీ కళ్లముందు మళ్లీ గీసి చూపించమనండి. ఆ కోడ్ ఎవరి కంప్యూటర్‌లో ఉందో కూడా గుర్తులేకపోతే ఇంకో గ్రూప్ వెతుక్కోండి.