అమ్మకి 25 సిట్టింగులు: రోజూ ప్లాన్ మార్చే రేడియేషన్ ఎలా ఉందంటే

మా ఊళ్ళో రేడియేషన్ అనరు, "కరెంటు పెట్టించుకుంటున్నారు" అంటారు. అమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలి కరెంటు పెట్టాలి అనగానే, అప్పట్లో కరెంటు పెట్టించుకుని పెద్దమ్మ విరేచనాలతో పడ్డ అవస్థే కళ్ళముందు తిరిగింది. డాక్టర్‌గారు "రోజూ ప్లాన్ మార్చే పద్ధతి ఉంది, అడాప్టివ్ అంటారు" అంటే డబ్బు గుంజే మాటేమో అనుకున్నాను. 25 సిట్టింగులూ పక్కనుండి చూశాక రాస్తున్నా.

గర్భాశయం ఒకచోట కుదురుగా ఉండదు. మూత్రసంచి నిండితే ఒకలా, ఖాళీ అయితే ఇంకోలా జరుగుతుంది, అదీ ఒక్కోసారి సెంటీమీటర్ల లెక్కన. మామూలు పద్ధతిలో మొదట తీసిన సీటీ స్కాన్ మీద వేసిన ప్లానే (కిరణాలు ఎక్కడ, ఎంత పడాలనే లెక్క) ఐదు వారాలూ నడుస్తుంది కాబట్టి, ఎటు జరిగినా గురి తప్పకుండా చుట్టూ కొంత ఎక్కువ మేర కలిపి పెడతారు, ఆ మేరలోనే పేగులూ మూత్రసంచీ ఉంటాయి, విరేచనాలూ మూత్రంలో మంటా వచ్చేది అందుకే. ఈ అడాప్టివ్‌లో రోజూ బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ తీస్తారు, కంప్యూటర్ ఆ స్కాన్ బొమ్మలో అవయవాల చుట్టూ గీతలు గీస్తుంది, డాక్టర్ వాటిని సరిచేస్తారు, పాత ప్లానూ ఆ రోజు కొత్త ప్లానూ పక్కపక్కన పెట్టి ఏది మేలైతే అది వాడతారు. ఎమ్మారైతో చూసే ఎలెక్టా యూనిటీ, సీటీతో చూసే వేరియన్ ఈథోస్ లాంటి మెషీన్లు ఈ పనికే వచ్చాయి.

మూడో వారంలో లూజ్ మోషన్స్ వచ్చాయి, రాలేదని అబద్ధం చెప్పను. రోజుకి మూడు నాలుగు సార్లు. మాత్రలూ పెరుగన్నంతో సర్దుకుంది, సెలైన్ దాకా పోలేదు. నీరసం మాత్రం బాగా ఉంది, కానీ వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఎక్కించారు, ఏది దేనివల్లో ఎవరు చెప్పగలరు? పెద్దమ్మతో పోల్చడమూ సరికాదు, ఇద్దరి ఒళ్ళూ ఒకటి కాదు. (జుట్టంతా ఊడుతుందని పక్కింటావిడ భయపెట్టింది. పొత్తికడుపుకి కరెంటు పెడితే తలమీద జుట్టు ఊడదండీ.)

కష్టమల్లా టైమే. మామూలు సిట్టింగ్ పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, ఇది దాదాపు అరగంట, అదీ నీళ్ళు తాగి, మూత్రం ఆపుకుని, కదలకుండా. "పెళ్ళి పీటల మీద కూడా ఇంత కదలకుండా కూర్చోలేదురా" అంది అమ్మ. ఆసుపత్రి రిసెప్షన్ వాళ్ళు పదింటికి రమ్మని పదకొండున్నరకి పిలిచేవారు, ఈలోపు ఆమె రెండుసార్లు నీళ్ళు తాగి రెండుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తేది. చివరికి టెక్నీషియన్ కుర్రాడే దారి చూపించాడు, ముందు పేషెంట్ లోపలికి వెళ్ళగానే మిస్డ్ కాల్ ఇచ్చేవాడు, అప్పుడు తాగించేవాళ్ళం.

ఇంకో మాట. ఒక శుక్రవారం మా డాక్టర్ లేరని పాత ప్లానుతోనే కానిచ్చేశారు, అదీ మేం అడిగితేనే చెప్పారు. అందుకని చేరేముందే అడగండి, అడాప్టివ్ అంటే రోజూ మారుస్తారా, లేక మధ్యలో ఒక్కసారి మళ్ళీ సీటీ తీసి మారుస్తారా? గీతలు సరిచేసే డాక్టర్ ప్రతి సిట్టింగ్‌కీ ఉంటారా? ఖర్చు మాకు మామూలు దానికన్నా ఎక్కువే అయింది, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర ముందే అప్రూవల్ తీసుకోండి.

ట్రీట్‌మెంట్‌కి ఐదుకి నాలుగు, రిసెప్షన్‌కి రెండు. బయటి కరెంటు అయిపోయింది, వచ్చే వారం నుంచి లోపలి కరెంటు, బ్రాకీ. ఈసారి నీళ్ళ గోల ఉంటుందో లేదో ముందే కనుక్కోమంది అమ్మ.