ఇద్దరమ్మల ఇల్లా, అమ్మానాన్నల ఇల్లా: ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టాలి?

"ఇద్దరు ఆడవాళ్ల చేతుల్లో పెరిగితే మగపిల్లాడు మగాడిలా పెరుగుతాడా?" ఈ అనుమానం కొత్తదేం కాదు. 1970ల్లో బ్రిటన్‌లో విడాకులు తీసుకున్న లెస్బియన్ తల్లులు కస్టడీ కేసులకి వెళ్తే కోర్టుల్లో ఎదురైంది ఇదే. మనస్తత్వవేత్త సూసన్ గోలంబోక్ బృందం 1983లో దీన్ని నేరుగా తేల్చే పని పెట్టుకుంది. 27 లెస్బియన్ తల్లుల ఇళ్లు, 27 ఒంటరి తల్లుల ఇళ్లు తీసుకుని, పిల్లలు ఏ బొమ్మలతో ఆడతారు, ఏ ఆటలంటే ఇష్టం అని అడిగి రాసుకున్నారు. తాము అబ్బాయిలమా, అమ్మాయిలమా అన్న విషయంలో ఏ ఇంట్లోనూ ఏ బిడ్డకీ తికమక కనబడలేదు.

ఇందులో నాకు నచ్చింది వాళ్లు పోల్చడానికి ఎంచుకున్న జత. రెండు వైపులా ఇంట్లో నాన్న లేడు. తేడా అల్లా తల్లి ఎవరిని ఇష్టపడుతుందన్న దగ్గరే. (నాన్న గల్ఫ్‌లో ఉంటే అమ్మ, అమ్మమ్మల దగ్గర పెరిగిన మగపిల్లలు మన ఊళ్లలో ఎంతమంది లేరు? వాళ్ల గురించి ఈ ప్రశ్న ఎవరూ వేయరు.)

జత తప్పితే ఏమవుతుందో చూడాలంటే 2012కి రావాలి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మార్క్ రెగ్నెరస్ దాదాపు 3,000 మంది యువతను సర్వే చేసి, స్వలింగ బంధం ఉన్న తల్లిదండ్రుల పిల్లలు చాలా విషయాల్లో వెనకబడ్డారన్నాడు. శాంపిల్ పెద్దది, యాదృచ్ఛికంగా తీసినది కూడా. కానీ చిన్నప్పుడు అమ్మకో నాన్నకో ఎప్పుడైనా అలాంటి బంధం ఉందని చెప్పినవాళ్లందరినీ ఒకే గంపలో వేశాడు. వాళ్లలో చాలామందివి విడిపోయిన కుటుంబాలు. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్లూ తల్లి, ఆమె తోడు దగ్గరే పెరిగినవాళ్లు ఇద్దరంటే ఇద్దరే. వీళ్లను ఎప్పుడూ చెదరని అమ్మానాన్నల ఇళ్లతో పోల్చాడు. కాలవ కింద మడినీ మెట్ట చేనునీ పక్కపక్కన పెట్టి, విత్తనం మంచిది కాదన్నట్టు ఉంది. 2014లో స్వలింగ వివాహాల కేసులో మిషిగన్ ఫెడరల్ జడ్జి కూడా ఆయన సాక్ష్యం నమ్మశక్యంగా లేదని పక్కన పెట్టేశారు.

ఇద్దరమ్మల ఇళ్లు బాగున్నాయనే వాళ్ల లెక్కల్లోనూ లొసుగులున్నాయి. అమెరికాలో నానెట్ గార్ట్‌రెల్ 1986లో మొదలుపెట్టిన అధ్యయనం పిల్లలు పుట్టకముందు నుంచీ లెస్బియన్ తల్లుల కుటుంబాల వెంట నడిచింది. 2010లో పదిహేడేళ్ల పిల్లలు చదువులో, నడవడికలో సగటు కన్నా మెరుగని తేల్చింది. అయితే ఆ మార్కులు వేసింది తల్లులే! పైగా తమంతట తాము ముందుకొచ్చిన కుటుంబాలు. నేనైతే 2018 ఫలితాన్నే ఎక్కువ నమ్ముతాను. అప్పటికి పాతికేళ్లొచ్చిన 77 మంది తమ గురించి తామే జవాబిచ్చారు. మానసిక ఆరోగ్యంలో మిగతావాళ్లతో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. మెరుగూ లేదు, తరుగూ లేదు.

ఈ మూడింటి కన్నా బరువైనది 2020లో వచ్చిన నెదర్లాండ్స్ పరిశోధన. అక్కడ సర్వే ఊసే లేదు, దేశం మొత్తం రికార్డులే చూశారు. పుట్టుక నుంచీ స్వలింగ జంటల దగ్గర పెరిగిన పిల్లలు బడిలో ముందున్నారు. అలాగని ఇద్దరమ్మలుంటే మార్కులొస్తాయని కాదు. బిడ్డను కనడానికో దత్తతకో అంత ఖర్చు పెట్టగలిగినవాళ్లకు చదువూ డబ్బూ ఎక్కువే, ఆ ముందంజలో కొంత వాటి పుణ్యమే.

కాబట్టి ఏ ఇల్లు మేలు అంటే, ఇంటి లోపల చూసి నేను ఏ వైపూ మొగ్గలేను. తేడా వీధిలో ఉంది. ఇదే తరహా కుటుంబాలను అమెరికాలోనూ నెదర్లాండ్స్‌లోనూ పోల్చి చూసినప్పుడు, డచ్ పిల్లలు తమ ఇంటి సంగతి స్నేహితులకు దాచకుండా చెప్పుకున్నారు. వెక్కిరింతలు తక్కువ, ప్రవర్తనలో ఇబ్బందులూ తక్కువ.

మన దగ్గర వెక్కిరింత కన్నా ముందు కాగితం అడ్డం. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి పేరుతో నడిచిన కేసులో, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో స్వలింగ జంటలకు ఉమ్మడి దత్తత హక్కు లేదంది. ఒంటరి మహిళ మాత్రం దత్తత తీసుకోవచ్చు. అంటే ఇద్దరమ్మల ఇంట్లో ఒకరే అమ్మ. ఆమెకు రేపు ఏమైనా అయితే, బిడ్డకు రోజూ జడ వేసి బడికి పంపిన రెండో మనిషి చట్టం దృష్టిలో ఆ బిడ్డకు ఏమీ కాదు.