9900 ఎంఏహెచ్ అని రాసున్న రేడియో బ్యాటరీ కొనకండి

వానలకు ముందు ఎమర్జెన్సీ రేడియో కొనే వరంగల్, భూపాలపల్లి వైపు వాళ్లందరికీ. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక సోలార్ రేడియోలో 18650 సైజు లిథియం సెల్ (మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునేది) వచ్చింది. దాని మీద 9900 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని ఉంది, కెపాసిటీ టెస్టర్‌లో పెడితే వెయ్యి కూడా దాటలేదు. వాడిన సెల్ వాపసు తీసుకోమని అమ్మినవాళ్లు చేతులెత్తేశారు. 2023 జులై 27న మొరంచపల్లిని వాగు ముంచినట్టు మళ్లీ ముంచితే, ఇలాంటి రేడియో సగం రాత్రికే మూగబోతుంది.

ఆ సైజు సెల్‌లో మంచి కంపెనీలవి కూడా 3500 దగ్గరే ఆగుతాయి. 5000 పైన రాసుంటే కచ్చితంగా అబద్ధం. పెట్టె విప్పగానే సెల్‌ను చిన్న డిజిటల్ కాంటా మీద పెట్టండి. అసలుది 45 గ్రాముల దగ్గర తూగుతుంది. 30 తూగితే నకిలీ. అయితే పొడి నింపి బరువు పెంచేవాళ్లూ ఉన్నారు కాబట్టి తూకం సరిపోయిందని వదిలేయకండి. నిండా చార్జ్ చేసి, రేడియోకున్న టార్చి ఆర్పి, మామూలు వాల్యూమ్‌లో పాడనివ్వండి. రేడియో గంటకు 100 ఎంఏహెచ్ తింటే 2500 సెల్ రోజంతా రావాలి. ఈ పరీక్ష వాపసు గడువు లోపలే పూర్తి కావాలి.

సోలార్ పలకను నమ్ముకోవద్దు. ముసురు పట్టినప్పుడు అది దాదాపు ఏమీ ఇవ్వదు. మన మే నెల ఎండలో డాబా మీద పెడితే లోపలి సెల్ 45 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలో చార్జ్ చేస్తే సెల్ త్వరగా చచ్చిపోతుంది, ఉబ్బిపోవచ్చు కూడా. నీడలో, యూఎస్‌బీతోనే చార్జ్ చేయండి. దాచేటప్పుడు నిండా కాకుండా సగం, అంటే 3.8 వోల్టుల దగ్గర ఉంచి, రెండు మూడు నెలలకోసారి మల్టీమీటర్‌తో చూసుకోండి. జూన్ రాగానే నిండా ఎక్కించండి. 2 వోల్టుల కిందికి పడిపోయిన సెల్‌ను మళ్లీ లేపే ప్రయత్నం వద్దు, లోపల షార్ట్ అయ్యి అంటుకునే ప్రమాదం ఉంది.

మా మాట వింటే పెన్సిల్ సెల్లు కూడా పట్టే రేడియోనే తీసుకోండి. వాటిలో ఆల్కలైన్‌వే కొనండి. చవక జింక్ సెల్లలో బయటి డబ్బానే కరిగి కరెంటు ఇస్తుంది, అందుకే చివరికి కారి స్ప్రింగులను తినేస్తుంది. ఏ రకమైనా వాడనప్పుడు రేడియోలోంచి తీసి పక్కన పెట్టండి.

పార్సిల్ విప్పుతూ వీడియో తీయండి, కాంటా మీద సెల్ ఫొటో ఉంచుకోండి. అమ్మినవాళ్లు మొండికేస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదుకు అవే పనికొస్తాయి.