29 అంగుళాల్లో ఆరడుగుల మనిషి

బడ్జెట్ విమానంలో ఏ సీటు మంచిదని ఎవరైనా అడిగితే, ముందు ఇంట్లో టేపు ఉందా అని అడుగుతాను. స్టూలు మీద వీపు గోడకు తగిలేలా నిటారుగా కూర్చుని, గోడ నుంచి మోకాలి చిప్ప అంచు దాకా ఎంత ఉందో కొలుచుకోవాలి. నాకు అది 25 అంగుళాలు. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. టికెట్ ధర, బయల్దేరే వేళ, సామాను బరువు అన్నీ ఆరా తీసే మనం, డబ్బు పెట్టి కొంటున్న ఆ కాస్త జాగాలో పడతామా లేదా అన్నది మాత్రం ఎక్కాకే తెలుసుకుంటాం.

విమానయాన సంస్థలు చెప్పే కొలత వేరు. దాన్ని పిచ్ అంటారు. ఒక సీటు వీపు మీద ఒక చోటు నుంచి ముందు సీటు వీపు మీద సరిగ్గా అదే చోటుకు ఉన్న దూరం అది. మన దేశపు బడ్జెట్ విమానాల్లో చాలావరకు 28 నుంచి 30 అంగుళాల మధ్య ఉంటుంది. 29 అనుకుంటే నా 25 పోను నాలుగు మిగలాలి. మిగలవు. సీటు వీపు మందం, మెత్తతో సహా, ఆ లెక్కలోంచే పోతుంది. ఆపైన ముందు సీటు వెనక అర. అందులో భద్రతా సూచనల అట్ట, తిండి జాబితా, వాంతి సంచి, అంతకుముందు కూర్చున్నవారు కుక్కి వదిలేసిన నీళ్ళ సీసా. ఆ సీసా మూత నా ఎడమ మోకాలి చిప్ప మీద సరిగ్గా వచ్చి ఆగుతుంది. అందుకే కూర్చోగానే నేను మొదట చేసే పని ఆ అరను ఖాళీ చేయడం. అట్టను మాత్రం నిలువుగా, పక్కకు జరిపి పెడతాను. అర అంగుళం దొరుకుతుంది. నవ్వకండి, నాలుగు గంటల ప్రయాణంలో అర అంగుళం విలువ మోకాలికే తెలుసు.

కొత్త విమానాల్లో పల్చటి సీట్లు వచ్చాయి. వీపు సన్నం, పత్రికల అరను ట్రే పైకి ఎక్కించారు, మోకాలికి ఎదురుగా ఏమీ లేకుండా చేశారు. అందువల్ల పాత 30 అంగుళాల బొద్దు సీటులో కంటే కొత్త 29 అంగుళాల సీటులో నా కాళ్ళు సుఖంగా ఉన్న సందర్భాలున్నాయి. కాకపోతే వీపులో తీసేసిన మెత్తను కిందా తీసేశారు. గంటన్నర దాటేసరికి నడుము దిగువ ఎముక నేనున్నానని గుర్తుచేస్తుంది. వాటిలో కొన్ని అసలు వెనక్కి వాలవు. తయారీలోనే కొద్దిగా వాల్చి బిగించేస్తారు. యూరప్‌లో రయాన్ఎయిర్ సీట్లు ఇలాంటివే. నాకైతే ఇది నచ్చింది. నేను వాల్చలేను సరే, నా ముందున్నవారూ వాల్చలేరు.

బ్రిటన్ విమానయాన శాఖ 1980ల చివర్లోనే పిచ్‌ను పక్కనపెట్టి, నేను స్టూలు మీద కొలుచుకున్నదాన్నే కొలిచింది. సీటు వీపు నుంచి ముందు సీటు వెనక భాగం వరకు కనీసం 26 అంగుళాలు ఉండాలని నియమం పెట్టింది. అది ప్రయాణికుల సుఖం కోసం కాదు, ప్రమాదం జరిగితే లేచి బయటికి రాగలగాలని. అమెరికాలో 2018లో కాంగ్రెస్ సీట్లకు కనీస కొలతలు నిర్ణయించమని చట్టమే చేసింది. విమానం నిండా జనం ఉన్నా, సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో ఖాళీ కావాలన్నది అక్కడి నియమం. అక్కడా వాదన మోకాళ్ళ నొప్పి మీద కాక ఈ 90 సెకన్ల మీదే నడిచింది. మోకాళ్ళ సంగతి మనమే చూసుకోవాలి.

ఇక నేను తిరిగిన దారులు. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి, కడప లాంటి ఊళ్ళకు ఏటీఆర్ విమానాలు ఎక్కువ. పంకాలు తిరిగే చిన్న విమానం అనగానే మొహం చిట్లించేవాళ్ళు ఉన్నారు. నా లెక్కలో బడ్జెట్ ప్రయాణాల్లో అన్నిటికంటే హాయి ఇందులోనే. నడవకు అటు రెండు, ఇటు రెండు సీట్లు. మధ్య సీటన్న శిక్ష లేదు. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లు. కాళ్ళ జాగా గొప్పగా ఏమీ ఉండదు, కానీ నడవ పక్కన కూర్చుంటే ఒక కాలు బయటికి చాపుకోవచ్చు, పక్కన ఒక్కరే కాబట్టి భుజాలు ఇరుక్కోవు. పైన సామాను అరలు మాత్రం చిన్నవి, చక్రాల పెట్టె పట్టడం కష్టం. ఎక్కేది వెనక తలుపు నుంచే, కాబట్టి త్వరగా దిగాలనుకుంటే వెనక వరసలు తీసుకోవాలి. ఈ సంగతి తెలియక ముందు వరసకు డబ్బు కట్టి ఎక్కి, అందరూ దిగాక దిగేవాళ్ళను చూస్తుంటాను. రెక్క పైన ఉంటుంది కనుక కిటికీలోంచి కింద అంతా కనిపిస్తుంది. ఆకాశం తేటగా ఉంటే రాజమండ్రి విమానాశ్రయమున్న మధురపూడిలో దిగబోయే ముందు గోదావరి కనిపిస్తుంది. ఈ గంట ప్రయాణానికి సీటు కోసం పైసా అదనంగా పెట్టాల్సిన పని లేదు.

ఢిల్లీ, ముంబయి దారుల్లో వచ్చేవి ఎయిర్‌బస్ ఎ320, ఎ321, బోయింగ్ 737. మూడింటిలోనూ వరసకు ఆరు సీట్లే, కానీ లోపలి వెడల్పు ఒకటి కాదు. ఎ320 కుటుంబానిది 3.70 మీటర్లు, 737ది 3.54. ఆ 16 సెంటీమీటర్లను ఆరుగురికి పంచితే మనిషికి సుమారు ఒక అంగుళం. కాళ్ళ జాగా గురించి మాట్లాడే మనం ఈ భుజాల అంగుళం గురించి మాట్లాడం. ఇద్దరు బలిష్ఠుల మధ్య ఢిల్లీ దాకా రెండుంబావు గంటలు చేతులు కట్టుకుని కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది. ఇండిగోకు ఎక్కువగా ఎయిర్‌బస్‌లు, ఆకాశ ఎయిర్‌కు అన్నీ 737లే. ఆకాశ విమానాల్లో సీటు దగ్గరే ఫోను చార్జింగ్ ఉంటుంది, అది వేరే సుఖం. వాళ్ళ దగ్గర 197 సీట్ల 737 రకం కూడా ఉంది. అన్ని సీట్లు పట్టించినందుకు రెక్క వెనక ఇంకో జత తలుపులు పెట్టాల్సి వచ్చింది. ఆ తలుపుల దగ్గర జాగా ఎక్కువున్న సీట్లు ఇంకొన్ని దొరుకుతాయి. కిటికీ కోసం మోజుపడేవాళ్ళకు ఒక మాట: 737లో రెక్కకు కాస్త ముందు, ఎడమవైపు ఒక వరసలో కిటికీయే ఉండదు. గోడ లోపల ఏసీ గొట్టం పోతుంది. గోడను చూడటానికి డబ్బు కట్టకండి.

ఎ320లో ఒకప్పుడు 180 సీట్లు పెట్టేవారు, ఇప్పుడు చాలాచోట్ల 186. అదనపు వరస ఎక్కడి నుంచి వచ్చిందా అని వెనక్కి వెళ్ళి చూస్తే, మరుగుదొడ్లను వెనక గోడలోకి నెట్టి, కుదించి, జాగా తీశారు. తలుపు వేసుకుని వెనక్కి తిరగాలంటే ముందే పథకం వేసుకోవాలి.

డబ్బు కట్టి కాళ్ళ జాగా కొనుక్కోవాలంటే రెండు చోట్లు. ఒకటి మొదటి వరస. ఎదురుగా సీటు ఉండదు, గోడ ఉంటుంది. మోకాలికి ఏదీ తగలదు కానీ పాదాలు ముందు సీటు కిందికి చాపే వీలూ పోతుంది. ట్రే ఆర్మ్‌రెస్ట్‌లోంచి తీయాలి, అందుకే ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, సీటు ఇరుకు. చేతి సంచి కూడా పైన పెట్టేయాలి. రెండోది రెక్క దగ్గర అత్యవసర ద్వారాల వరసలు. ఎ320, 737లలో ఇవి సాధారణంగా రెండు, ఒకదాని వెనక ఒకటి. రెండింటికీ ధర ఒకటే ఉన్నప్పుడు వెనకది తీసుకోండి. ముందు వరస సీట్లు వాలితే వెనక తలుపుకు అడ్డం వస్తాయి కాబట్టి వాటిని వాలనివ్వరు. వెనక వరసకు ఆ బంధనం లేదు. పైగా దాని ముందున్న సీట్లు వాలవు కదా, మీ జాగా మీదే. తలుపు పక్క కిటికీ సీటులో కాళ్ళ దగ్గర చలి ఎక్కువ, మేజోళ్ళు వేసుకోవాలి. ఈ వరసల్లో పిల్లలను, గర్భిణులను, ఇతరుల సాయం కావాల్సినవారిని కూర్చోనివ్వరు. కట్టాల్సింది దారిని బట్టి, తేదీని బట్టి మారుతుంది. నాకు ఒక్కోసారి రెండు వేలు దాటింది. కాళ్ళ జాగాకు మార్కెట్ ఉందని అందరికంటే బాగా గ్రహించింది ఇండిగోయే కావచ్చు. 2024 నవంబరులో ఢిల్లీ–ముంబయి మధ్య 38 అంగుళాల పిచ్‌తో పన్నెండు పెద్ద సీట్లు మొదలుపెట్టింది. వాటి ధర చూశాక నా 25 అంగుళాలు తమంతట తామే సర్దుకున్నాయి.

అమ్మను తీసుకుని శంషాబాద్ నుంచి దుబాయి వెళ్ళిన రాత్రి నాకు సీటు సంగతిలో రెండో సగం తెలిసింది. అమ్మ ఐదడుగులు కూడా ఉండదు. ఆమె ముందు నాకంటే జానెడు జాగా ఎక్కువ. చెల్లెలి ఇంటికన్న సంబరంలో గంటసేపు బాగానే కూర్చుంది. తర్వాత కదలడం మొదలుపెట్టింది. చూస్తే పాదాలు నేలకు ఆనడం లేదు. సీటు అంచు తొడల కింద ఒత్తుకుపోతోంది, చీర కుచ్చిళ్ళ కింద చెప్పులు గాల్లో వేలాడుతున్నాయి. “నీకు కాళ్ళు పట్టవు, నాకు కాళ్ళు అందవు. ఈ సీటు ఎవరి కొలతకు చేశార్రా?” అంది. విమానం పైకెక్కి బెల్టు దీపం ఆరాక, ముందు సీటు కింద తోసి ఉంచిన నా సంచిని కొద్దిగా ఇవతలికి లాగి, దాని మీద ఆమె పాదాలు పెట్టించాను. శాలువాను నాలుగు మడతలు వేసి నడుము వెనక దూర్చాను. పది నిమిషాల్లో నిద్రపోయింది. పొట్టివాళ్ళతో ప్రయాణం చేసేవారు చేతి సంచిని పైన అరలో పడేయకుండా కింద ఉంచుకోవడం మేలు. గట్టిగా ఉండే సంచి అయితే ఇంకా మంచిది. నా కాళ్ళు ఆ రాత్రంతా నడవలోనే ఉన్నాయి, తోపుడుబండి వచ్చినప్పుడల్లా లోపలికి లాక్కుంటూ.

గల్ఫ్ దారిలో నా చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి పనికి వెళ్తున్నవారు. వాళ్ళకు సీటు కంటే సామాను కిలోలు ముఖ్యం. మంచి సీటుకు అదనంగా కట్టే డబ్బుకు ఇంకో అయిదు కిలోల పచ్చళ్ళు, పిండివంటలు వస్తాయి. ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా ముందున్న కుర్రవాడు వెనక్కి తిరిగి “అన్నా, కొంచెం వాల్చుకోనా?” అని అడిగాడు. అడిగినందుకే సగం నొప్పి పోయింది. తినేటప్పుడు లేపుతానన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. ఒప్పందం కుదరని ప్రయాణాలూ ఉన్నాయి. చెప్పాపెట్టకుండా సీటు దబ్బున వాల్చితే ట్రే మీది చాయ్ ఒడిలో పడుతుంది.

నాలుగు గంటలు దాటిన ప్రయాణానికి మాత్రం నేను డబ్బు దగ్గర లోభించను. అంతసేపు కదలకుండా కూర్చుంటే కాలి రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు దాదాపు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. విమానమే కాదు, బస్సు, రైలు, కారు ఏదైనా అంతే. ముప్పు మామూలుగా చాలా తక్కువే కాబట్టి రెండింతలన్నా భయపడిపోనక్కర్లేదు, కానీ పెద్దవాళ్ళను గంటకోసారి లేపి నడిపించాలి. అందుకే ఆ దుబాయి ప్రయాణం తర్వాత అమ్మకు ఎప్పుడూ నడవ పక్క సీటే. విశాఖ నుంచి సింగపూర్‌కు స్కూట్ విమానంలో వెళ్ళినా ఇదే లెక్క, దాదాపు నాలుగు గంటలు. పగటి ఢిల్లీకి నడవ సీటు చాలు, ఎక్కువ జాగా అక్కర్లేదు.

డబ్బు కట్టాక కూడా గ్యారంటీ ఏమీ లేదు. ఒకసారి, సంస్థ పేరెందుకు, ద్వారం వరస కొని విమానం ఎక్కితే నా వరస సంఖ్య అలాగే ఉంది, తలుపు మాత్రం ఆరు వరసలు ముందుకు జరిగింది. ఆఖరి గంటలో విమానం మార్చారు, రకం వేరు. విమాన సిబ్బందిలోని అమ్మాయి మర్యాదగా “మీ సీటు ఇదే కదా సార్” అంది. సంఖ్య ప్రకారం ఆమె మాట నిజమే. డబ్బు వెనక్కి రావడానికి మెయిళ్ళ మీద మెయిళ్ళు రాయాల్సి వచ్చింది. వాళ్ళు మొదట అడిగింది, నేను కొన్నది కాళ్ళ జాగా సీటే అనడానికి రుజువు. అప్పటి నుంచి సీటు కొన్న వెంటనే ధర, వరస, పక్కన తలుపు గుర్తు అన్నీ కనిపించేలా తెర ఫోటో తీసి ఉంచుతున్నాను. బయల్దేరే రోజు ఉదయం విమానం రకం మారిందేమో ఇంకోసారి చూసుకుంటాను. మారితే వెబ్ చెక్-ఇన్‌ను నమ్ముకోకుండా కాస్త ముందుగా వెళ్ళి, కౌంటర్లోనే ఆ ఫోటో చూపించి అడుగుతాను. గేటు దగ్గర అడిగితే, వాళ్ళకు వినే తీరిక ఉండదు.