కొత్త షాపుకి మ్యాప్ లిస్టింగ్: రెండేళ్ల వాడకం తర్వాత వీడియో వెరిఫికేషన్ గురించి

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టుకోవడానికి పైసా కట్టక్కర్లేదని, ఒక జీమెయిల్ ఉంటే చాలని అందరికీ తెలిసిందే. ఆ సంగతులు వదిలేస్తున్నాను. గల్లీలో ఒకే షట్టర్‌తో నడిచే కర్రీ పాయింట్లు, టైలరింగ్ షాపులు, మోటార్ వైండింగ్ షాపులు... ఇలాంటివాటికి లిస్టింగులు పెడుతూ, చూసుకుంటూ రెండేళ్లు దాటింది. ఇందులో మనసారా మెచ్చుకునేది ఒక్కటే: వీడియో వెరిఫికేషన్, అంటే షాపు నిజంగా ఉందని, అది మనదేనని ఫోన్‌తో వీడియో తీసి గూగుల్‌కి చూపించడం. చిన్న షాపువాడికి ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఇంకోటి కనపడలేదు.

ఇదివరకు ఎక్కువమందికి పోస్టులో కార్డు వచ్చేది. దాని మీద 5 అంకెల కోడ్, అది కొడితేనే షాపు వెరిఫై అయ్యేది. కార్డు రావడానికి 14 రోజుల దాకా పట్టొచ్చు, కోడ్ చెల్లేది 30 రోజులు. కొత్త షాపు పేరు పోస్ట్‌మ్యాన్‌కి ఇంకా అలవాటై ఉండదు. హైదరాబాద్ పాత ఇళ్లకైతే ఒక్క నంబరు వెనకే బై టూ, బై టూ బై ఏ అంటూ తోక పెరుగుతూ పోతుంది. ఆ కార్డు కోసం కాచుకుని కూర్చోవడం కంటే షాపు ముందు నిలబడి నిమిషంన్నర వీడియో తీయడం ఎంతో హాయి. పైగా చిన్న వ్యాపారి దగ్గర కాగితాలు తక్కువ ఉండొచ్చు గానీ షాపు మాత్రం కళ్లెదురుగా ఉంటుంది. ఈ పద్ధతి అడిగేది ఆ షాపునే.

ఒక్క సంగతి ముందే తెలిసుండాలి. ఏ పద్ధతిలో వెరిఫై చేయాలన్నది మన ఇష్టం కాదు. ఫోన్ కోడా, మెయిలా, వీడియోనా అన్నది వాళ్ల సిస్టమే తేల్చి చూపిస్తుంది.

వీడియో కనీసం 30 సెకన్లు ఉండాలి. కత్తిరింపులు, అతికింపులు లేకుండా ఒకే టేక్‌లో తీయాలి. అందులో మూడు సంగతులు తేలాలి: షాపు ఎక్కడుంది, అక్కడ నిజంగా ఆ వ్యాపారమే నడుస్తోందా, ఫోన్ పట్టుకున్నది ఆ షాపు మీద అధికారం ఉన్న మనిషేనా. మనుషుల ముఖాలు, బ్యాంకు కాగితాలు, ఆధార్ లాంటివి చూపించనక్కర్లేదు. వీడియో జనానికి కనపడదు. కంప్యూటర్‌లో మొదలుపెడితే క్యూఆర్ కోడ్ చూపిస్తుంది, దాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి అక్కడి నుంచి తీయాలి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. షాపు తెరిచాక, గిరాకీ ఉన్నప్పుడు లోపల నాలుగు వైపులా ఫోన్ గిర్రున తిప్పి పంపించేస్తారు. అందులో వీధి ఉండదు, బోర్డు ఉండదు, తాళం తీసిన దృశ్యం ఉండదు. కర్రీ పాయింట్‌నే తీసుకోండి. పదకొండుకి అమ్మకం మొదలవుతుందంటే, వెనక వంటగదిలో ఎనిమిది నుంచే పొయ్యిలు వెలుగుతుంటాయి. పదిన్నరకి పప్పు, సాంబారు, వేపుళ్లు గిన్నెల్లోకి వచ్చేసి ఉంటాయి, ముందు షట్టర్ మాత్రం ఇంకా దించే ఉంటుంది. వీడియోకి సరైన సమయం అదే. తాళం తీసి షట్టర్ ఎత్తడమూ పడుతుంది, ఎత్తగానే నిండు గిన్నెలూ కనపడతాయి. పొద్దున్నే తీస్తే ఖాళీ కౌంటర్, మధ్యాహ్నం తీస్తే తెరిచి ఉన్న షట్టర్. రెండింటిలోనూ సగమే రుజువు.

టేక్ మొదలయ్యేది షాపులో కాదు, వీధి మొగలో. వీధి పేరు బోర్డు ఉంటే దాని మీద నాలుగైదు సెకన్లు ఫోన్ కదపకుండా నిలపండి. లేకపోతే మెట్రో పిల్లర్ నంబరు, బస్టాప్ పేరు, ఏదైనా సరే చదవగలిగేది. నడుస్తూ పక్కనున్న మెడికల్ షాపు బోర్డు, కిరాణా బోర్డు ఫ్రేములోకి వచ్చేలా చూడండి. తర్వాత మీ బోర్డు, ఇంకో ఐదు సెకన్లు. షట్టర్‌కి పక్క తాళాలు రెండు, మధ్య తాళం ఒకటి ఉంటే, పక్కవి ముందే తీసేసి మధ్యది ఒక్కటే ఉంచండి. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మూడు తాళాలతో తంటాలు పడితే బొమ్మంతా ఊగిపోతుంది. ఇంకో మనిషి ఉంటే మేలు: ఒకరు తీస్తారు, ఒకరు షట్టర్ ఎత్తుతారు. లోపలికి వెళ్లాక గిన్నెల వరస, ప్యాకింగ్ కవర్ల కట్టలు, గోడ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి వ్యాపారానికి తీసుకునే లైసెన్సు) కాగితం. దాని దగ్గర ఫోన్ ఆపి పేరు, 14 అంకెల నంబరు చదవగలిగేలా ఫోకస్ అయ్యేదాకా ఉండండి. ఆ తర్వాత గల్లా పెట్టె తెరిచి, కౌంటర్ వెనక నుంచి వంటగదిలోకి నడవండి. గిరాకీకి వచ్చినవాడు అడుగుపెట్టలేని చోటికి వెళ్లడమే మీ అధికారానికి రుజువు. మొత్తం 70 నుంచి 90 సెకన్లు. అంతకు మించి లాగితే ఫైలు బరువెక్కి అప్‌లోడ్ మధ్యలో ఆగొచ్చు. ఇనప షట్టర్ లోపల సిగ్నల్ తగ్గొచ్చు కాబట్టి తీయడం అయ్యాక బయటికి వచ్చి పంపండి. పూర్తయ్యేదాకా స్క్రీన్ ఆరిపోకుండా చూసుకోండి.

వెలుతురు గురించి కూడా చెప్పాలి. రాత్రిపూట ఎల్‌ఈడీ బోర్డు తీస్తే తెల్లటి వెలుగు ముద్ద తప్ప అక్షరం కనపడదు. తూర్పు ముఖం షాపైతే పొద్దున ఎండ బోర్డు మీద పడుతుంది, అక్షరాలు చక్కగా వస్తాయి. పడమర ముఖమైతే పొద్దున బోర్డు వెనక నుంచి ఎండ కొడుతుంది, బోర్డు నల్లగా వస్తుంది. అలాంటి కర్రీ పాయింట్‌కి పొద్దున షిఫ్ట్ వదిలేసి, సాయంత్రం షిఫ్ట్ తెరిచే ముందు, ఇంకా ఎండ ఉండగానే తీయండి.

వీడియో ఎంత బాగున్నా పేరు కలవకపోతే అంతా వృథా. మన దగ్గర దీనికి మొదటి కారణం 'శ్రీ'. బోర్డు రాసినాయన ఇంగ్లీషులో ఎస్-ఆర్-ఈ-ఈ అని రాస్తాడు, లైసెన్సు అప్లికేషన్ నింపినాయన ఎస్-ఆర్-ఐ అంటాడు, లిస్టింగ్ పెట్టే కుర్రాడు ఎస్-హెచ్-ఆర్-ఐ కొడతాడు. తెలుగులో ముగ్గురూ రాసింది ఒకటే, సరిపోల్చి చూసేవాళ్లకి మాత్రం అవి మూడు పేర్లు. బోర్డు మీద ఏ అక్షరాలున్నాయో లిస్టింగ్‌లోనూ అవే ఉండాలి. పేరు వెనక 'బెస్ట్ ఆంధ్ర కర్రీస్ ఇన్ కూకట్‌పల్లి' లాంటి తోకలు తగిలించడం నిబంధనలకు విరుద్ధం, లిస్టింగ్ సస్పెండ్ కావడానికి అదొక్కటి చాలు. బోర్డు కూడా శాశ్వతంగా బిగించినదై ఉండాలి. తాళ్లతో కట్టిన ఫ్లెక్సీ గాలికి ఊగుతూ కనపడితే రేపు ఉంటుందో లేదో తెలియని షాపులా అనిపిస్తుంది. బోర్డు ఇంకా రాలేదా? వారం ఆగండి. తొందరపడి లిస్టింగ్ పెట్టడం కంటే అదే నయం. ప్రారంభ తేదీ ముందే నమోదు చేసుకునే వీలుంది. ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి లిస్టింగ్ కనపడగలదు కాబట్టి మరీ ఆఖరి నిమిషం దాకా లాగకుండా బోర్డు పని చూసుకోండి.

పంపాక 5 పని దినాల దాకా పట్టొచ్చు. ఈలోపు పేరు, అడ్రసు, కేటగిరీ ముట్టుకోకండి.

పిన్, అంటే మ్యాప్‌లో షాపు చోటు చూపే గుర్తు గురించి రెండు ముక్కలు. డోర్ నంబరును బట్టి మ్యాప్ పెట్టిన చోటే వదిలేయకుండా, శాటిలైట్ వ్యూలో బాగా దగ్గరికి తెచ్చి, బిల్డింగ్ నడిమధ్యలో కాకుండా షట్టర్ ఉన్న అంచున పెట్టాలి. దారి చూపేటప్పుడు మ్యాప్ పిన్‌కి దగ్గరగా ఉన్న రోడ్డుకి తీసుకెళ్తుంది. పిన్ నాలుగు మీటర్లు వెనక్కి జరిగితే వెనక గల్లీ దగ్గరవుతుంది, డెలివరీ కుర్రాడు గోడ అవతల నిలబడి ఫోన్ చేస్తాడు. డివైడర్ ఉన్న రోడ్డు మీద పిన్ అవతలి వైపు పడిందంటే బండివాళ్లందరికీ అనవసరంగా ఒక యూటర్న్. అక్కడే ప్లస్ కోడ్ కూడా కనపడుతుంది, అంటే ఆ చోటుని అడ్రసు లేకుండానే చూపించే చిన్న కోడ్. అచ్చులు లేని 20 గుర్తులతో చేసిన కోడ్ అది. మామూలు పది గుర్తుల కోడ్ దాదాపు 14 మీటర్ల చదరాన్ని సూచిస్తుంది, ఇంకో గుర్తు చేరిస్తే 3 మీటర్లకు వస్తుంది. పిన్ సరిచేశాక దాన్ని విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించండి. బై నంబర్ల గల్లీల్లో అడ్రసు కంటే అదే పనికొస్తుంది.

సమయాలు నింపేటప్పుడు కర్రీ పాయింట్‌కి రోజుకు రెండు స్లాట్లు ఇవ్వాలి: పదకొండు నుంచి మూడు, ఆరున్నర నుంచి పది. ఒకే స్లాట్ పెడితే నాలుగింటికి వచ్చినవాడు మూసిన షట్టర్ చూసి ఒక్క స్టార్ ఇచ్చి పోతాడు. కేటగిరీలు మొత్తం పది దాకా పెట్టుకోవచ్చు, కానీ బరువంతా మొదటిదాని మీదే. మిగతావి రెండు మూడు చాలు.

పైన 'ఒకే టేక్' అని రాశాను కదా. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా వీడియో మొత్తం మళ్లీ తీసి పంపాల్సి వచ్చే సందర్భాలు ఉన్నాయి. ముఖ్యంగా ఒకే అడ్రసులో అంతకుముందు వేరే షాపు ఉండి, దాని లిస్టింగ్ ఇంకా బతికే ఉన్నప్పుడు. ఆ పాత లిస్టింగ్ పేరు మార్చి మీది చేసుకోకండి. ఆ షాపు శాశ్వతంగా మూసేశారని తెలియజేసి, మీది విడిగా కొత్తగా పెట్టండి. ఎవరో దారినపోయేవాళ్లు మీ షాపుని ఇప్పటికే మ్యాప్‌లో చేర్చి ఉంటే మాత్రం ఇంకోటి పెట్టకుండా అది మీదేనని దాన్నే క్లెయిమ్ చేసుకోవాలి.

వీడియో వల్ల కూడా తీరని చిక్కు ఒకటుంది: మెయిల్. బోర్డు, విజిటింగ్ కార్డులు, లిస్టింగ్ అన్నీ కలిపి ఒక ప్యాకేజీగా చేసిపెట్టే ఏజెంట్లు ఉంటారు. వాళ్లలో కొందరు లిస్టింగ్‌ని తమ మెయిల్ కింద తెరుస్తారు. తాళం తీసింది షాపు యజమాని, వంట చూపించింది యజమాని. లిస్టింగ్‌కి ఓనర్ మాత్రం ఏజెంటే. ఏడాది తర్వాత ఫోన్ నంబరు మార్చాలంటే ఆయన్ని బతిమాలుకోవాలి, ఆయన నంబరు పనిచేయదు. అప్పుడు మ్యాప్‌లో ఓనర్‌షిప్ కోసం రిక్వెస్ట్ పెట్టాలి. అవతలివాళ్లకి జవాబివ్వడానికి 3 రోజులు గడువు. జవాబు రాకపోతే వెరిఫై చేసుకుని తీసుకునే దారి కొన్ని సందర్భాల్లో తెరుచుకుంటుంది, అంటే మళ్లీ వీడియో పడొచ్చు. దారి దొరికాక కూడా కొత్త ఓనర్‌కి మొదటి 7 రోజులు కొన్ని అధికారాలు రావు. పాత ఓనర్‌ని తీసేయడం కూడా ఆ తర్వాతే. ఈ తిప్పలు మనసుకి కష్టం కలిగిస్తాయి, ఎందుకంటే మొదటి రోజే ఐదు నిమిషాల్లో తప్పించగలిగేవి ఇవి. లిస్టింగ్ షాపు యజమాని సొంత మెయిల్‌తో తెరిచి, పనిచేసేవాళ్లని మేనేజర్‌గా చేర్చుకుంటే సరిపోతుంది.

వెరిఫై అయ్యాక నంబరు బయటికి కనపడుతుంది కాబట్టి ఫోన్లు మొదలవుతాయి. గూగుల్ నుంచి మాట్లాడుతున్నామని, డబ్బు కట్టకపోతే లిస్టింగ్ తీసేస్తామని ఎవరైనా అంటే పెట్టేయండి. లిస్టింగ్ ఉంచడానికి డబ్బు అడగరు. వెరిఫికేషన్ కోడ్ మాత్రం ఎవరికీ చెప్పకండి.

ఇక తీర్పు. బిగించిన బోర్డు, తాళం వేసే షట్టర్, గోడ మీద కాగితం, ఈ మూడూ ఉన్న షాపుకి నిస్సందేహంగా వీడియోనే మంచిదంటాను. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆవిడకి అంత ధీమాగా చెప్పలేను. ఆవిడకి వీధి బోర్డు లేదు, షట్టర్ లేదు. అడ్రసు దాచేసి, సరుకు పంపే ప్రాంతాలు 20 దాకా ఇచ్చుకోవచ్చు గానీ, వీడియోలో వ్యాపారం నడుస్తోందని చూపించడానికి జాడీలు, తూకం మిషన్, సీలింగ్ మిషన్ తప్ప ఏమీ ఉండవు. అవి ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు. అలాంటివాళ్లు ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకుని, అదే పేరుతో లేబుళ్లు అచ్చు వేయించి, సీసాలకి అంటించాక వీడియో తీయండి. వీధి పేరు నుంచి ఇంటి తలుపు తాళం దాకా, అక్కడి నుంచి లేబుల్ అంటించిన సీసాల వరస దాకా ఫోన్ ఆపకుండా నడవండి. లేబుల్ మీది పేరు దగ్గర ఐదు సెకన్లు ఆగండి.