బబుల్ సీప్యాపా, వెంటిలేటరా: నెలలు నిండని బిడ్డకు ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లాలో నవజాత శిశువుల వార్డు బయట పెద్దవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "వెంటిలేటరుందేటి బాబూ? నేకపోతే కేజీహెచ్‌కి పట్టుకెళ్లిపోతాం." కేజీహెచ్ అంటే విశాఖలోని పెద్దాసుపత్రి. బిడ్డ మీద ప్రేమ కొద్దీ వచ్చే మాటే. కానీ నెలలు నిండకుండా పుట్టి, సొంతంగా ఊపిరి తీస్తూ ఆయాసపడే బిడ్డకు నేను ముందు కోరేది బబుల్ సీప్యాప్, అంటే ముక్కు గుండా ఆగకుండా కొద్దిపాటి ఒత్తిడితో గాలి అందించే సాధనం.

గర్భంలో సుమారు 34 వారాలు దాటితే గానీ ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్, అంటే గాలిగదులు ముడుచుకోకుండా కాపాడే పదార్థం, చాలినంత తయారవదు. అది చాలకపోతే గాలి వదిలిన ప్రతిసారీ గాలిగదులు ముడుచుకుపోతాయి. వాటిని మళ్లీ తెరవడానికే బిడ్డ సత్తువంతా ఖర్చయిపోతుంది. డొక్కలు లోపలికి లాక్కుపోతాయి, ముక్కుపుటాలు ఎగురుతాయి, మూలుగు వినిపిస్తుంది. ఆ మూలుగును ఏడుపనుకుంటారు. నిజానికి లోపలి గాలి పూర్తిగా పోకుండా బిడ్డ గొంతు బిగిస్తోంది. సీప్యాప్ ఆ పనినే బిడ్డ బదులు చేస్తుంది.

ముక్కులో రెండు చిన్న మెత్తని గొట్టాలు, వాటిగుండా వెచ్చని తేమగాలి. గాలి బయటికి పోయే గొట్టం కొస నీళ్లసీసాలో మునిగి ఉంటుంది. 5 సెంటీమీటర్లు ముంచితే అంత నీటి ఒత్తిడి. బుడగల చప్పుడు ఆగిందంటే ఎక్కడో లీకుందని సిస్టర్‌కి ఇట్టే తెలిసిపోతుంది.

తలకు హుడ్ పెట్టి ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే గాలిగదులు తెరుచుకోవు. అది మోతాదు మించితే కంటి రెటీనాకు ప్రమాదం.

వెంటిలేటర్ గొట్టం శ్వాసనాళంలోకి వెళ్తుంది. లేత ఊపిరితిత్తులు దెబ్బతినే, ఇన్ఫెక్షన్ సోకే భయం ఎక్కువ. అలాగని సీప్యాప్‌కు లోటు లేదనను. 25 నుంచి 28 వారాల బిడ్డలపై 2008లో వచ్చిన కాయిన్ అధ్యయనంలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం సీప్యాప్ బిడ్డల్లో 9 శాతం, మొదటే గొట్టం వేసినవారిలో 3 శాతం. అయినా సీప్యాప్ బిడ్డలు వెంటిలేటర్ మీద గడిపిన రోజులు తక్కువ.

బిడ్డ మాటిమాటికీ ఊపిరి ఆపేస్తున్నా, సీప్యాప్ మీదా అలసిపోతున్నా వెంటిలేటర్‌కు వెనకాడకూడదు. ఇచ్చే గాలిలో ఆక్సిజన్ 30 శాతం దాటి కావాల్సి వస్తుంటే సర్ఫాక్టెంట్ మందు ఆలోచించాలి.

ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండొందల కిలోమీటర్ల పైమాటే. మూలుగుతున్న బిడ్డను ఒడిలో పెట్టుకుని బయల్దేరకండి, ముందు దగ్గర్లోనే సీప్యాప్ మొదలుపెట్టించండి. 34 వారాల లోపే నొప్పులొస్తే, సమయం ఉంటే, కాన్పుకు ముందే తల్లిని పెద్దాసుపత్రికి చేర్చడం ఇంకా మేలు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే డెక్సామెథాసోన్ 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు. మొదటిది పడిందో లేదో బండెక్కే ముందే అడగండి.