పదహారు జట్లు, ఒకే గ్రౌండు: నాకౌట్ మేలా, గ్రూపులు మేలా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు సంక్రాంతికి ఫుట్‌బాల్ కప్పు పెట్టాలనుకునే ప్రతి క్లబ్బు కుర్రాళ్లూ ఇదే అడుగుతున్నారు. మొదటి మ్యాచ్ నుంచే నాకౌట్ పెట్టాలా, గ్రూపులు ఆడించి ఆ తర్వాత నాకౌట్‌కు వెళ్లాలా? ఈసారి మా కమిటీలో కూడా దీని మీద గట్టి వాదనే నడిచింది. చివరికి నాకౌట్ వైపే మొగ్గాం, నేనూ అటే చెయ్యెత్తాను.

గ్రూపుల వైపు ఉన్న న్యాయం చిన్నదేమీ కాదు. పాతపట్నం నుంచో పార్వతీపురం నుంచో తలా కొంత వేసుకుని బండి మాట్లాడుకుని వచ్చిన జట్టు, ఒక్క గోల్ తేడాతో ఓడి అదే సాయంత్రం వెనక్కి వెళ్తుంటే చూడ్డానికి మనకే బాధగా ఉంటుంది. గ్రూపుల్లో అయితే ప్రతి జట్టుకూ మూడు మ్యాచ్‌లు దక్కుతాయి. కొత్త కుర్రాళ్లను దింపి చూసుకోవచ్చు. మంచి జట్టు ఒక్క చెడ్డ రోజు వల్ల ఇంటిదారి పట్టదు.

ఖర్చు సంగతి చూస్తే, పదహారు జట్ల నాకౌట్‌కు 15 మ్యాచ్‌లు చాలు. అదే నాలుగేసి జట్లతో నాలుగు గ్రూపులు చేసి, గ్రూపుకు రెండేసి జట్లను క్వార్టర్స్‌కు పంపితే 31 అవుతాయి. అంటే రెఫరీల డబ్బు, భోజనాలు, మైకు, సున్నం గీతలు అన్నీ రెండింతలు. చందాలు బాగా వచ్చే ఊరైతే ఇదీ భరించవచ్చు. అందుకే నా దృష్టిలో తేల్చేది ఖర్చు కాదు. గ్రూపులోని మూడో మ్యాచ్.

మన దగ్గర ఆడేది ఎవరు? కాలేజీ పిల్లలు, ఆటోలు నడిపేవాళ్లు, పేపర్ మిల్లులో షిఫ్టులు చేసేవాళ్లు, రోజు కూలికి వెళ్లేవాళ్లు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిన జట్టు, ఇంక అవకాశం లేదని తెలిసీ మూడోరోజు పని మానుకుని రమ్మంటే ఎలా వస్తుంది? వచ్చినా ఎనిమిది మందే వస్తారు, లేదా అసలు రారు. అసలు రాకపోతే ఎదుటి జట్టుకు వాకోవర్ కింద, అంటే ఆడకుండానే, మూడు పాయింట్లు, 3-0 గోల్స్ రాసేస్తారు. అదే జట్టు పూర్తి బలంతో ఉన్నప్పుడు దాని మీద చెమటోడ్చి 1-0తో గెలిచినవాళ్లు గోల్ తేడాలో వెనకబడిపోతారు. గొడవ అక్కడ మొదలవుతుంది. అందులో అలా వెనకబడినవాళ్ల తప్పేమీ లేదు.

నాకౌట్‌లో ఒక జట్టు రాకపోతే ఆ ఒక్క మ్యాచే పోతుంది. 2025లో భువనేశ్వర్‌లో జరిగిన, మన దేశపు క్లబ్బులాడే సూపర్ కప్పునే తీసుకోండి. అంతకుముందు ఏడాది గ్రూపులతో ఆడించినదాన్ని ఆసారి మొదటి రౌండు నుంచే నాకౌట్ చేశారు. చర్చిల్ బ్రదర్స్ తప్పుకుంటే మోహన్ బగాన్ నేరుగా క్వార్టర్స్‌కు వెళ్లింది, మిగతా జట్ల లెక్కలు మాత్రం చెదరలేదు. కప్పు చివరికి ఎఫ్‌సీ గోవా గెలిచింది.

గ్రూపుల్లో ఈ వాకోవర్ కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. 1982 ప్రపంచ కప్పులో అల్జీరియా తన ఆఖరి గ్రూపు మ్యాచ్‌ను ముందురోజే ఆడేసింది. పశ్చిమ జర్మనీ 1-0తో గెలిస్తే తామిద్దరమూ ముందుకు వెళ్తామని జర్మనీకీ ఆస్ట్రియాకూ తెలుసు. పదో నిమిషంలో గోల్ పడింది, ఆ తర్వాత ఆట దాదాపు నిలిచిపోయింది, అల్జీరియా ఇంటికి పోయింది. అప్పటినుంచే గ్రూపులో ఆఖరి రెండు మ్యాచ్‌లనూ ఒకే సమయానికి మొదలుపెట్టడం నియమమైంది. మనకున్నది ఒక్క గ్రౌండు. రెండు మ్యాచ్‌లు ఒకేసారి ఎక్కడ పెడతాం? రెండోది ఆడేవాళ్లకు తమకు కావలసిన స్కోరు ముందే తెలిసిపోతుంది. అంతా నిజాయితీగా ఆడినా సరే, గట్టు మీద కూర్చున్నవాళ్ల అనుమానం తీరదు. పక్క పక్క ఊళ్ల మధ్య ఆ అనుమానం పడనివ్వకూడదు.

అందరూ అందరితో ఆడే పూర్తి లీగ్ మాట వద్దు, పదహారు జట్లకు 120 మ్యాచ్‌లు. ఇంటా బయటా రెండేసి మ్యాచ్‌ల పద్ధతి పర్లాకిమిడి, పాతపట్నం లాంటి దగ్గర ఊళ్లకు బాగుంటుంది, కొరాపుట్ నుంచి వచ్చేవాళ్లకు కుదరదు.

నాకౌట్ పెడితే చీటీలు అన్ని జట్ల కెప్టెన్ల ముందే తీయాలి. పన్నెండు జట్లే వస్తే నాలుగింటికి బై ఇవ్వాలి, అంటే మొదటి రౌండు ఆడకుండానే రెండో రౌండుకు పంపాలి. ఆ బైల చీటీల్లో ఆతిథ్య క్లబ్బు పేరు వేయొద్దు. సంక్రాంతి రోజుల్లో ఐదున్నర దాటితే వెలుగు తగ్గిపోతుంది, మన గ్రౌండ్లలో లైట్లుండవు. కాబట్టి మ్యాచ్ సమమైతే ఎక్స్‌ట్రా టైమ్ లేకుండా నేరుగా పెనాల్టీలేనని ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. ఫైనల్‌ను మాత్రం తొందరగా మొదలుపెట్టి, అవసరమైతే ఆ అరగంట ఎక్స్‌ట్రా టైమూ ఆడించండి. ఏడాదికోసారి వచ్చే ఫైనల్ పెనాల్టీలతో తేలితే గెలిచినవాళ్లకూ తృప్తి ఉండదు.

ఇక మొదటి రౌండులోనే ఓడిన దూరపు జట్ల సంగతి. ఆ రౌండులో ఓడిన ఎనిమిదింటికీ వేరుగా ఒక చిన్న కప్పు పెట్టండి, అదీ నాకౌటే. ఏడు మ్యాచ్‌లు పెరుగుతాయి, అయినా మొత్తం 22 దాటవు. ఉదయం పూట ఆడించేయొచ్చు. ఉండగలిగినవాళ్లు ఉండి ఆడతారు, పనులున్నవాళ్లు వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లినందువల్ల పెద్ద కప్పులో ఎవరి పాయింట్లూ మారవు.